పూరీ గేట్‌లో తప్పు టీ

ఖరగ్‌పూర్ నుంచి తిరిగొచ్చి మూడు వారాలయింది. ఏం చూశారని అడిగినవాళ్లకి ఎర్ర ఇటుకల రైల్వే క్వార్టర్లు చూశాననీ, ఆవనూనె కలిపిన మరమరాలు తిన్నాననీ చెప్పి తప్పించుకుంటున్నాను. అసలు చూసింది వేరు. ముప్పై ఏళ్లుగా కులం మీద, ముహూర్తాల మీద, బాబాల మీద వేదికలెక్కి వాదిస్తున్నదాన్ని. మనిషి తనకు నొప్పి పుడితే ఎలా మాట్లాడతాడో, పక్కవాడికి పుడితే ఎలా మాట్లాడతాడో నాకు తెలుసనే అనుకునేదాన్ని. ఈ వయసులో ఒక ఊరు నాలుగు రోజుల్లో నా నోటమాట పోగొడుతుందని అనుకోలేదు.

వెళ్లడానికి కారణం ఒక వీడియో. అక్కడ మలంచా రోడ్డులో ఘోషాల్ బాబుది ఒక మందుల షాపు. అప్పలస్వామి అనే రిటైరైన ఫిట్టరు తన భార్యకు బీపీ మాత్రలు కొనుక్కుని ఇంటికెళ్లి చూసుకుంటే అవి వేరే మాత్రలు. తిరిగొచ్చి అడిగాడు. ఘోషాల్ బాబు బెంగాలీలో అన్న మాట ఇది: "నల్ల తెలెంగాలందరి మొహాలూ ఒకేలా ఉంటాయి. ఎవరికి ఏం ఇచ్చానో నాకేం గుర్తు?" తెలెంగా అంటే అక్కడివాళ్లు తెలుగువాళ్లను పిలిచే పేరు. వరుసలో నిలబడ్డవారెవరో ఫోన్‌లో తీశారు. మర్నాటికి ఊళ్లో తెలుగువాళ్లందరి ఫోన్లలోనూ అదే. షాపు ముందు మూడు రోజులు బైఠాయించారు, షాపు మూతపడింది. చివరికి ఘోషాల్ బాబు క్షమాపణకు ఒప్పుకున్నాడు. ఆ క్షమాపణ సభలో జాతి దురహంకారం గురించి మాట్లాడమని అక్కడి తెలుగు సంఘం నన్ను పిలిచింది. గుంటూరులో కూర్చుని ఆ వీడియో నేను ఆరుసార్లు చూశాను. ఆరుసార్లూ ఒళ్లు మండింది. టికెట్ కొన్నాను.

దిగిన రోజు

రైల్లో కళ్లజోడు మరిచిపోయి దిగాను. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన సూర్యారావుగారితో ఆ ఊళ్లో నేనన్న మొదటి మాట, "కళ్లజోళ్లు ఎక్కడ దొరుకుతాయండీ?" ఆయన నవ్వి, సంచీ అందుకుని, "ఏటమ్మా, మా ఊరు సూడకుండానే ఎల్లిపోదామనా?" అన్నాడు. స్టేషన్ బయట పేవ్‌మెంటు మీద నూట యాభై రూపాయలకు చదువుకునే అద్దాలు దొరికాయి. ఒక కాడ కొంచెం వంకర.

సూర్యారావుగారు సంఘం కార్యదర్శి. ఇల్లు మలంచాలో. ప్రేమ్ బజార్‌లో, ఇంజినీరింగ్ కాలేజీ గేటుకు దగ్గరలో, టిఫిన్ హోటల్ నడుపుతాడు. హోటల్ మీద నాలుగు గదులు కట్టి చదువుకునేవాళ్లకు అద్దెకిచ్చాడు. షాపు ముందు బైఠాయింపుకు మొదట కుర్చీ వేసిందీ ఈయనే. మూడు రోజులూ అందరికీ ఉప్మా తన హోటల్ నుంచే పంపాడట. చేతికి ఎముక లేని మనిషి. నన్ను ఇంట్లో దించి, గంటలో నాలుగుసార్లు భోంచేశారా అని అడిగాడు.

సాయంత్రం పూరీ గేట్ అనే పేటలో అప్పలస్వామి ఇంటికి తీసుకెళ్లాడు. చిన్న ఇల్లు, గుమ్మంలో సైకిలు. ఆయన తాత సొంతూరు శ్రీకాకుళం వైపు. తండ్రి రైల్వే వర్క్‌షాప్‌లో చేరడానికి వచ్చాడు, ఈయన ఇక్కడే పుట్టాడు. భార్య పేరు సింహాచలం. ఆవిడ మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆవనూనె కలిపి పళ్లెంలో పెట్టింది. మా వైపు మరమరాలంటే కారం, నిమ్మకాయ. ఈ నూనె ఘాటు ముక్కులోకి ఎక్కి నేను దగ్గుతుంటే ఆవిడ వీపు నిమిరింది.

"మూడ్రోజులు అన్నం సయించనేదమ్మా," అన్నాడు అప్పలస్వామి. "మా నాన్నా నానూ కలిపి ఎన్ని రైలు పెట్టెలు బాగు సేసుంటామో లెక్కనేదు. ఈ మందుల బాబు కూడా అందులోనే ఎక్కి కలకత్తా ఎల్తాడు. అలాటిది, నా మొకం గుర్తునేదంతాడు. ఇరవై ఏళ్లనుంచి ఆడి కాడే మందులు కొంతన్నాను."

"నీ మొకం నాకే ఒక్కోపాలి గుర్తుండదు, మందులోడికేటి," అంది సింహాచలం. ఆయన నవ్వలేదు.

తర్వాత తప్పు టీ గురించి చెప్పాడు. అది విని నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. క్వార్టర్లలో వెనకటినుంచీ ఉన్న పద్ధతి. ఇరుగుపొరుగు తగువు పడితే పోలీసుదాకా వెళ్లరు, ఆఫీసరుదాకా అసలే వెళ్లరు. వెళితే ఉద్యోగానికి చేటు. పెద్దల ముందు కూర్చుంటారు. తప్పు తేలినవాడు తన చేత్తో ఒక గ్లాసులో టీ పోసి, మాట పడినవాడికి ఇవ్వాలి. అతను సగం తాగి గ్లాసు తిరిగిస్తాడు. మిగతా సగం, ఆ ఎంగిలి సగం, తప్పు చేసినవాడు అందరూ చూస్తుండగా తాగాలి. తాగితే తగువు తీరినట్టు.

ఎంగిలి మీద, మడి మీద నేను ఎన్ని వ్యాసాలు రాశానో. ఇక్కడ ఏ పుస్తకమూ చదవని ఫిట్టర్లు, గ్యాంగ్‌మన్లు ఒక గ్లాసుతో ఆ పని చేసేశారు. నోట్‌బుక్‌లో పేజీ నిండా రాసుకున్నాను.

ప్రేమ్ బజార్

మర్నాడు పొద్దున్న సూర్యారావుగారి హోటల్‌లో టిఫిన్. సైకిళ్లు, జెరాక్స్ షాపులు, నోటు పుస్తకాలు, నడిచిపోయే పిల్లలు. నాలుగు ఇడ్లీలు నలభై రూపాయలు. సాంబారు తియ్యగా ఉంది. "బెంగాలీ పిల్లలకి ఇలాగే కావాలండి, మనకని యేరేగా కాస్తే మిగిలిపోద్ది," అన్నాడాయన గల్లా దగ్గర కూర్చుని. నాకోసం లోపలినుంచి అల్లప్పచ్చడి తెప్పించాడు.

నేను తింటుండగా ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్లు దాటి ఉంటాయి. భుజాన సంచీ, చేతిలో హెల్మెట్. మిజోరం పిల్లని తర్వాత తెలిసింది. పై గదిలో అద్దెకుంటుంది. రోజూ మధ్యాహ్నం భోజనం డబ్బా ఇక్కడే కట్టించుకుని ల్యాబ్‌కి వెళుతుంది. ఆ రోజు ఆమె డబ్బా లేదు. పొరపాటున ఇంకో అమ్మాయికి ఇచ్చేశారు.

"నా పేరు రాసి ఉంది కదా అంకుల్, ఎవరికిచ్చారు?" అంది హిందీలో.

సూర్యారావుగారు చేతులు రెండూ పైకెత్తి హిందీలోనే అన్నాడు: "మీ చైనా వాళ్ల మొహాలన్నీ ఒకేలా ఉంటాయి పాపా. ఎవరికిచ్చానో నాకేం గుర్తు?" ఆపైన నావైపు తిరిగి తెలుగులో, "సైనా పాప అంతామండి దీన్ని. మా ఇంటి గుంటలాగే," అన్నాడు. గుంట అంటే వాళ్ల యాసలో ఆడపిల్ల.

హోటల్‌లో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. అతిథిని, నోట్లో ఇడ్లీ ఉంది, ఆతిథ్యమిచ్చినవాడు నా మొహం చూసి నవ్వుతున్నాడు. ఇవేవీ సాకులు కావు. ఏమి జరిగిందో అది రాస్తున్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. వేరే డబ్బా కట్టేదాకా నిలబడి, తీసుకుని వెళ్లిపోయింది.

మలంచా, మందుల షాపు

ఎదుటి పక్షం మాట వినకుండా వేదిక ఎక్కకూడదన్నది వాదప్రతివాదాల్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం. కాబట్టి మధ్యాహ్నం ఒక్కదాన్నే ఘోషాల్ బాబు షాపుకి వెళ్లాను. సన్నగా, బట్టతలతో, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ఉన్నాడు. నేనెవరో చెప్పగానే స్టూలు తుడిచి వేశాడు. ఇద్దరం హిందీలోనే మాట్లాడుకున్నాం. ఇద్దరి హిందీ కూడా అంతంతమాత్రమే.

"తప్పుగా మాట్లాడాను దీదీ. సాయంత్రం వచ్చి వాళ్ల టీ తాగుతాను," అన్నాడు. "కానీ ఒక మాట అడగనా? నేను ఒకసారి అన్నాను, నా షాపు మూడు రోజులు మూసేయించారు. మీ సెక్రటరీగారు ప్రేమ్ బజార్‌లో ఆ కొండ ప్రాంతం పిల్లల్ని రోజూ అంటాడు. ఆయన హోటల్ ఎవరు మూయిస్తారు?"

ఇలాంటి వాదన నాకు కొత్త కాదు. వాడు చేయలేదా అంటే నీ తప్పు తగ్గదు. ఒక దొంగను పట్టుకుంటే ఇంకో దొంగను చూపించి తప్పించుకోకూడదు. ఆ మాటే ఆయనకు చెప్పాను. మెల్లగా, ఉదాహరణలతో, పది నిమిషాలు చెప్పాను. ఆయన అంతా విని, "ఠీక్ హై దీదీ, మీరు చదువుకున్నవాళ్లు," అని లేచి ఎవరికో జ్వరం మాత్రలు ఇవ్వడానికి వెళ్లాడు.

నా తర్కంలో ఒక్క లోపం లేదు. పొద్దున్న నవ్వుతూ మింగిన ఇడ్లీ ఇంకా కడుపులోనే ఉంది. అయినా రెండింటినీ కలిపి చూడాలని నాకు తోచలేదు. ఇప్పుడు తలచుకుంటే నమ్మబుద్ధి కావడం లేదు.

పూరీ గేట్, మొదటి గ్లాసు

సంఘం రేకుల షెడ్డు నిండిపోయింది. మధ్యలో బల్ల, బల్ల మీద కెటిల్, ఒకే ఒక్క గాజు గ్లాసు. పెద్దాయన దాలినాయుడు, ఎనభై ఏళ్ల రిటైర్డ్ రైలు డ్రైవరు, కుర్చీలో నిటారుగా కూర్చుని అడిగాడు: "అన్నావా, నేదా?"

"అన్నాను," అన్నాడు ఘోషాల్ బాబు.

ఆయన గ్లాసు నిండా టీ పోశాడు. అప్పలస్వామి గ్లాసు అందుకుని సగం తాగి, మీసాలు తుడుచుకుని తిరిగిచ్చాడు. ఘోషాల్ బ్రాహ్మడు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆయన కళ్లు మూసుకోలేదు, మొహం చిట్లించలేదు. ఒక్క గుక్కలో తాగి, గ్లాసు బల్ల మీద పెట్టాడు. చప్పట్లు మోగిపోయాయి. నా కళ్లు తడిశాయి. దాచుకోలేదు.

తర్వాత నేను మాట్లాడాను. "అందరూ ఒకేలా ఉంటారనడమంటే నువ్వు మనిషివి కావు, మందలో ఒకడివి అనడం. మొహం చూసి గుర్తుపెట్టుకునే విలువ కూడా నీకు లేదనడం," అన్నాను. ముందు వరుసలో మొదట చప్పట్లు కొట్టింది సూర్యారావుగారు. శాలువా కప్పిందీ ఆయనే.

రెంపుయి అడిగింది

మూడో రోజు పొద్దున్న టిఫిన్ చేసి హోటల్ బయటికి వచ్చేసరికి ఆ మిజోరం అమ్మాయి సైకిళ్ల పక్కన నిలబడి ఉంది.

"మేడమ్, రెండు నిమిషాలు. నా పేరు లాల్‌రెంపుయి. రెంపుయి అనండి చాలు."

కాస్త దూరం నడిచాం. ఫోన్‌లో నా ప్రసంగం చూపించింది. ల్యాబ్‌లో తెలుగు స్నేహితురాలు మాట మాటకీ అర్థం చెప్పిందట.

"ఆ టీ తెలుగువాళ్లకేనా, ఎవరికైనా ఇస్తారా?" అని అడిగింది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నా నోటిదాకా వచ్చిన మొదటి మాట, "ఆయన ఆ ఉద్దేశంతో అనలేదమ్మా." ఘోషాల్ గురించి ఎవరైనా ఇదే మాట అంటే ముందురోజు వేదిక మీదే చీల్చి చెండాడేదాన్ని. ఆ మాట పళ్ల వెనకే ఆగింది. కానీ వచ్చిందన్నది నిజం.

"రెండేళ్లనుంచి చైనా పాప అంటున్నారు," అంది ఆమె. గొంతులో కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు మాట్లాడింది. "నేనేమీ అనలేదు. ఈ ఊళ్లో ఇలాంటివి అడగకూడదేమో అనుకున్నాను. మీ మీటింగ్ చూశాక అడగొచ్చని తెలిసింది. మీరు చెప్పిన వాక్యం, ఆయన నన్నన్న వాక్యం ఒకటే కదా మేడమ్. మీరూ అక్కడే ఉన్నారు." నావైపు తిరిగి, "మీరూ నవ్వారు," అంది.

రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. నల్ల తెలెంగాల మొహాలన్నీ ఒకేలా ఉంటాయి, ఎవరికిచ్చానో నాకేం గుర్తు. చైనా వాళ్ల మొహాలన్నీ ఒకేలా ఉంటాయి, ఎవరికిచ్చానో నాకేం గుర్తు. అక్షరం తేడా లేదనవచ్చు. మొదటిదానికి రైలెక్కి వచ్చాను. రెండోదానికి నవ్వాను. ఘోషాల్ బాబు తప్పించుకోడానికే అని ఉండవచ్చు, కానీ ఆయన చెప్పింది నిజం. నా పది నిమిషాల ఉపన్యాసం ఆ నిజానికి అడ్డంగా పెట్టిన తలుపు.

"గది పోవచ్చు," అన్నాను.

"తెలుసు. థీసిస్ ఇవ్వడానికి మూడు నెలలుంది. ఈ సమయంలో గది వెతుక్కోవడం కష్టం. మా వాళ్లకి ఇక్కడ గదులు తొందరగా ఇవ్వరు. అయినా అడుగుతాను. సాక్షి కావాలంటారట కదా. మీరు చెబుతారా?"

చెబుతానన్నాను.

పూరీ గేట్, రెండోసారి

దాలినాయుడుగారు సాయంత్రానికి పెద్దల్ని పిలిపించాడు. ఆ మాటకు ఆయనకు దండం పెట్టాలి, తగువు వినను అనలేదు. ఈసారి షెడ్డులో పదిహేను మందికి మించి లేరు. నిన్న గోడలెక్కి వీడియోలు తీసినవాళ్లు ఒక్కరూ లేరు. అప్పలస్వామి వచ్చాడు. నిన్న తగువులో గెలిచినవాడు కాబట్టి ఆయన మాటకు ఇప్పుడు విలువ ఎక్కువ. ఆయనను చూడగానే నాకు ధైర్యం వచ్చింది. నొప్పి తెలిసిన మనిషి, ఇంకేం కావాలి అనుకున్నాను.

రెంపుయి తన మాట హిందీలో చెప్పింది. నేను సాక్ష్యం చెప్పాను. నేను నవ్విన సంగతి కూడా చెప్పాను. సూర్యారావుగారు నావైపు చూసిన చూపులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ. ఆయన ఇంట్లో నా మంచం, నా పెట్టె, ఆయన కప్పిన శాలువా ఉన్నాయి.

"అన్నావా, నేదా?" అని అడిగాడు దాలినాయుడు.

"అన్నాను బాబూ. ముద్దుకన్నాను. దానికి జొరమొస్తే మా ఇంటిది జావ కాసిచ్చినాది, అడగండి."

"ఇచ్చారు," అంది రెంపుయి. "ఆంటీ చాలా మంచివారు."

"మరేటి? సారీ సెప్పమంటే సెప్పేత్తాను." సూర్యారావుగారు గోడవైపు తిరిగి, "సారీ," అన్నాడు. "టీ మాత్రం ఒద్దు."

ఎందుకు వద్దని నేను అడిగాను.

ఆయన కాసేపు నసిగాడు. తర్వాత, పెద్దలకు మాత్రమే చెబుతున్నట్టు గొంతు తగ్గించి, "ఆల్లు పందిని తింతారు, కుక్కని తింతారంతారు. ఆ నోటి ఎంగిలి నాను తాగీదా? ఇంట్లో పూజలూ పునస్కారాలూ ఉన్నాయి కదండీ," అన్నాడు.

తలలు ఊగాయి. ఒకటి, రెండు, ఆరు. నేను లెక్కపెట్టాను. ఏ ఎంగిలి పట్టింపును ఈ మనుషులు ఒక గ్లాసుతో ఓడించారని నోట్‌బుక్‌లో పేజీ నిండా రాసుకున్నానో, ఆ పట్టింపు అదే బల్ల దగ్గర, అదే కెటిల్ పక్కన కూర్చుని ఉంది.

"నిన్న ఘోషాల్ బాబు తాగాడు కదా," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"ఆయన పెద్ద కులపోడు, మన ఎంగిలి తాగినాడంటే అది మనకి గొప్ప," అన్నారెవరో వెనకనుంచి. "ఇది ఎలాగ గొప్పవుద్ది?"

అంటే నిన్న చప్పట్లు కొట్టింది సమానత్వానికి కాదు. ఒక మెట్టు పైకెక్కినందుకు.

అప్పలస్వామి వైపు తిరిగాను. "మీరు చెప్పండి. మూడు రోజులు అన్నం సయించలేదన్నారు. మీకు అన్నదీ ఈ అమ్మాయికి అన్నదీ ఒకటే మాట. కాదంటారా?"

ఆయన చాలాసేపు తువ్వాలు మడత పెట్టాడు, విప్పాడు, మళ్లీ పెట్టాడు.

"అది యేరు, ఇది యేరమ్మా," అన్నాడు చివరికి. "నన్నన్నోడు పగతో అన్నాడు. సూర్యం అలాటోడు కాడు. ఈ గుంట నాలుగు రోజులుండి ఎల్లిపోయేది. మనం ఇక్కడే పుట్టినాం, ఇక్కడే పోతాం. మనకీ ఆల్లకీ సమానమేటి?"

తెలుగు రాకపోయినా రెంపుయికి ఆయన మొహం చూసి అర్థమయింది. అయినా నన్ను చెప్పమంది. హిందీలో చెప్పాను. ఎంగిలి సంగతి దాటేయాలనిపించింది, కానీ సాక్షిగా వచ్చినదాన్ని, అదీ చెప్పాను. ఆమె సూర్యారావుగారి వైపు తిరిగింది.

"అంకుల్, రెండేళ్లుగా పొద్దున్నా మధ్యాహ్నం రాత్రీ మీరు వండిందే తింటున్నాను. నా నోట్లో ఉన్నది మీ వంటే," అంది.

దాలినాయుడుగారు చేతికర్ర నేలకు తాటించి, సారీ అయింది కాబట్టి తగువు తీరినట్టే అన్నాడు. అందరూ లేచారు. అప్పుడు సూర్యారావుగారు, రేపటి కూరగాయల గురించి చెబుతున్నంత మామూలుగా, "నెలాఖరుకి గది ఖాళీ సెయ్యి పాపా. మా బావమరది కొడుకు వత్తన్నాడు," అన్నాడు.

నేను కెటిల్ అందుకున్నాను. "నేను నవ్వాను. నా తప్పు నేను కడతాను," అన్నాను. అతిథులకు ఈ పద్ధతి వర్తించదని పెద్దలు అంటుండగానే రెంపుయి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు మేడమ్. ఇప్పుడు మీరు ఇస్తే వీళ్లు మీకు చప్పట్లు కొడతారు."

ఇన్నేళ్ల వేదికల మీద నన్ను ఎవరూ ఇంత తక్కువ మాటలతో కూర్చోబెట్టలేదు. కెటిల్ కింద పెట్టాను.

ఆ రాత్రే పెట్టె తీసుకుని స్టేషన్‌లోని విశ్రాంతి గదికి మారాను. సూర్యారావుగారి భార్య గుమ్మందాకా వచ్చి పెరుగన్నం డబ్బా చేతిలో పెట్టింది. శాలువా మంచం మీదే వదిలేశాను. ఆవిడ అది చూసింది, పిలవలేదు.

స్టేషన్

నాలుగో రోజు మధ్యాహ్నం రైలు. పొద్దున్న రెంపుయి ఫోన్ చేసింది. మూడు ఇళ్లు చూసిందట. ఒకచోట వంట వాసన అన్నారు, ఒకచోట కుటుంబాలకే ఇస్తామన్నారు, ఒకచోట తలుపు తీసి మొహం చూసి మళ్లీ వేసేశారు. ఆ మూడో ఇల్లు తెలుగువాళ్లది కాదు, బెంగాలీవాళ్లది. తెలుగువాళ్ల మీద పడ్డ మాటకు బెంగాలీవాళ్ల మీద మండిపడ్డాం. ఈ అమ్మాయి విషయంలో ఇద్దరికీ ఏ పేచీ లేదు. ప్రస్తుతానికి స్నేహితురాలి హాస్టల్ గదిలో ఉంటానంది. మీ గురించి రాస్తే పేరు మార్చనా అని అడిగాను. "మార్చొద్దు. ఆ పేరుతో పిలిచినవాళ్లు ఈ ఊళ్లో ఎక్కువమంది లేరు," అంది.

రైలు వచ్చి ఆగాక కిటికీ దగ్గరికి అప్పలస్వామి వచ్చాడు. వస్తాడని నేననుకోలేదు. సింహాచలం కట్టిచ్చిన మరమరాల పొట్లం కిటికీలోంచి ఇచ్చాడు. నూనె తక్కువ వెయ్యమన్నాడట, నాకు దగ్గొస్తుందని. తర్వాత చొక్కా జేబులోంచి చిన్న ఫోటో తీశాడు. తెల్లచొక్కా, దువ్విన తల. కొత్తగా తీయించుకున్నది.

"పేపర్లో రాత్తారు కదమ్మా. ఇది ఎయ్యండి. నన్నేటన్నాడో, ఎలాగ తప్పు ఒప్పుకున్నాడో అందరికీ తెలవాల. మా ఊళ్లో మా సుట్టాలు సూత్తారు."

"రాస్తాను. ఆ అమ్మాయి సంగతి కూడా రాస్తాను."

"యేరేగా రాత్తారా?"

"కాదు. రెండూ కలిపే. మీకు ఏమన్నారో, ఆమెకు ఏమన్నారో పక్కపక్కనే."

ఆయన ప్లాట్‌ఫారం మీద పోయేవాళ్లను చూస్తూ నిలబడ్డాడు. ఆయన మొహంలో కష్టం కనబడింది. మొదటిరోజు ఇంట్లో ఆ మాట చెప్పినప్పుడు ఎంత ఉందో అంతే ఉంది. ఈ మనిషి మారతాడని ఆ క్షణంలో నేను ఆశపడ్డాను, దాచను. ముప్పై ఏళ్ల వాదనలన్నీ అలాంటి క్షణం కోసమే చేశాను.

"నన్నూ దాన్నీ ఒక గాటన కట్టేత్తారా," అన్నాడు మెల్లగా. "అలాగైతే నాదీ రాయకండమ్మా. ఏదీ ఒద్దు."

"మీకు జరిగిన అన్యాయం కూడా వద్దా?"

"ఒద్దు."

ఫోటో తిరిగివ్వమని చెయ్యి చాపాడు. ఇచ్చాను. చొక్కా జేబులో జాగ్రత్తగా పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు. తర్వాత, నీళ్ల సీసా ఉందా అని అడిగాడు. లేదంటే వెళ్లి కొనుక్కొచ్చి, మూత సరిగ్గా ఉందో లేదో చూసి అందించాడు. రైలు కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడి, జాగ్రత్తగా వెళ్లి రమ్మన్నాడు.